అరువు ఇంజను

బూట్ల పెట్టెలో, నూనె పీల్చిన పాత పత్రికలో
ముప్పై ఏడేళ్లు పడి ఉంది
రెండున్నర సీసీల బుల్లి డీజిల్ ఇంజను.
పిడికిట్లో పట్టేది.
నాది కాదు, ఓత్మార్‌ది.
పోటీకని అరువు తెచ్చుకుని
అలిగి తిరిగివ్వనిది.

తిప్పితే తిరగదు.
ఆముదం తీరే అంత:
పరుగులో ఉన్నంతసేపూ ఇనుముకి ప్రాణం కాస్తుంది,
ఆగిందా, తానే బంకై బిగుసుకుంటుంది.
జబర్దస్తీ చేస్తే లోపల కడ్డీ వంగుతుంది.
దీనికి వేడి కావాలి. ఓపిక కావాలి.
ఓపిక నాకెప్పుడూ అరువే.

రొట్టెలు కాల్చే పొయ్యిలో, సన్న సెగ మీద, అరగంట.
వంటిల్లంతా పాత పోటీల వాసన.
పిల్లి ఆముదం తాగిన మొహంతో కిటికీ దూకింది.
గుడ్డతో పట్టుకుని రెక్కని
వెంట్రుకవాసి ఇటు, వెంట్రుకవాసి అటు.
ఎక్కడో ఒక పొర చిట్లింది.
కదిలింది.

సూది విప్పితే మొనంతా తేనెరంగు జిగురు,
గిటారు తీగతో పొడిచి పొడిచి దారి చేశాను.
పాత డబ్బాలో ఈథర్ ఎప్పుడో ఎగిరిపోయింది,
కొత్తగా కలిపాను: ఈథర్, కిరోసిన్, ఆముదం.
ఈ జాతికి నిప్పురవ్వ అక్కర్లేదు,
నెత్తిన మర బిగించి నొక్కితే చాలు, దానంతటదే మండుతుంది.
మా ఇంట్లో నన్నూ ఇలాగే అనేవాళ్లు.

బాల్కనీలో బల్లకి బిగించి రెక్కని కొట్టాను.
ఇరవయ్యోసారి వేలు చీరింది.
ముప్పయ్యోసారి పలికింది.

పదకొండు సెకన్లు.
తర్వాత గొంతు సన్నబడి, కీచుమని, చప్పున ఆగింది.

ఆ కీచు నాకు తెలుసు.
ఒలొమోత్స్ అవతల, బీట్‌రూట్ చేల పక్కన,
ఎనభై ఏడు జూన్, మూడో చుట్టు.
చేతిలో రెండు తీగలూ ఒక్కసారి వదులై
నా విమానం దుంపల్లో ముక్కు గుచ్చుకుంది.
జనం ముందే అన్నాను:
“తెలిసే చెడ్డది అంటగట్టావు.”
ఓత్మార్ తన తీగలు చుట్టుకున్నాడు.
తొందరపడకుండా, మెలిక పడకుండా చుట్టుకుని
వెళ్లిపోయాడు.

మళ్లీ మొదటి నుంచి.
మర వదులు చేశాను. కాదు.
సూది తెరిచాను. కాదు.
వెనక మూత కింద కాగితం మార్చాను. అదీ కాదు.
ఇక మిగిలింది నా సరుకు ఒక్కటే:
ట్యాంకు, దాని పసుపు గొట్టం.

ఒక కొస వేలితో మూసి
నీళ్ల గిన్నెలో ముంచి ఊదాను.
నడిమధ్యన బుడగలు, ఒకదాని వెనక ఒకటి.
వయసుకి పగిలింది కాదు.
ఏటవాలుగా, శుభ్రంగా, బ్లేడు గీత.
ట్యాంకు కొస కత్తిరించేటప్పుడు
నేనే, నా చేత్తోనే.
గోటిచంద్రుడంత సందు.
నూనెతో పాటు గాలి తాగింది ఇంజను.
గాలి తాగిన మాట నేనన్నాను.

కొత్త గొట్టం వేశాను. మోగింది.
ఆగలేదు.

నాలుగో నంబరు ట్రాములో ఆరు స్టాపుల దూరం అతనిల్లు.
నంబరు కలిపి, ఫోను ఇంజను పక్కన పెట్టాను.
ఎవరని అడగలేదు.
చాలాసేపు ఊపిరి మాత్రం.
తర్వాత, ముసలి గొంతు, విసుగ్గా:
“తడిగా ఉంది, ద్రహోమీరా.
సూది పావు చుట్టు మూయి.”

మూశాను.
మోత తేటపడింది.
కింది వాటా ఆవిడ చీపురుకర్రతో కప్పు పొడుస్తోంది.
చెప్పాల్సింది ఇంకా చెప్పలేదు.
ట్యాంకులో రెండు నిమిషాల నూనె ఉంది.